అండమాన్‌లోని షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్) తాబేళ్ళ విషయమై సముద్ర విహారాల అనుమతుల అధికారి గారికి

అయ్యా, నమస్కారం.

హిందీలో ఇచ్చిన అర్జీ, ఇంగ్లిషులో ఇచ్చిన అర్జీ మీ బల్ల దాకా చేరాయో లేదో తెలియదు. అందుకే ఈసారి తెలుగులో, నలుగురూ చూసేలా రాస్తున్నాం. మీరు చదవకపోయినా విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి మా నీల్‌కి వచ్చేవాళ్ళైనా చదువుతారు.

బోయాల (నీటి మీద హద్దు చూపే తేలే గుర్తుల) సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పడవల దారి ఒకవైపు, ఈదేవాళ్ళూ తాబేళ్ళూ ఒకవైపు ఉండేలా సీజన్‌కి ముందే వేయిస్తామన్నారు. ఏ సీజనో మాత్రం చెప్పలేదు.

"పడవ చప్పుడు వింటే తాబేలే తప్పుకుంటుందిలే" అని మీ సిబ్బంది ధీమా. అది తప్పుకునేది ఇంజిను చప్పుడు విని కాదండీ, పడవ కంటబడ్డాక. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పచ్చ తాబేళ్ళ మీద దీన్ని పరీక్షించి 2007లో ప్రచురించారు. పడవ గంటకు 4 కిలోమీటర్ల వేగంతో వస్తే నూటికి 60 తాబేళ్ళు తప్పుకున్నాయి. 11 కిలోమీటర్లకు 22. 19 కిలోమీటర్లకు నాలుగంటే నాలుగే. మా భరత్‌పూర్ బీచ్‌లో జెట్‌స్కీ తోలే కుర్రాడు 19 దగ్గర ఆగుతాడా? సముద్రం అడుగున గడ్డి మేసే తాబేలు కొన్ని నిమిషాలకోసారి ఊపిరికి పైకి రావాల్సిందే. తల బయటపెట్టే ఆ రెండు మూడు క్షణాల్లోనే పడవ ఇంజిను ఫ్యాను డిప్ప మీదుగా పోతుంది.

ఇక పోటు, పాటు, అంటే సముద్రం ఎక్కడం, తీయడం. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. ఫెర్రీ వేళ జరగదు. పర్యాటకుడు దిగిన గంటకే అతన్ని నీళ్ళలోకి దింపాలి, సాయంత్రం ఫెర్రీ ఎక్కించాలి. అమావాస్యకో పున్నమికో పాటు బాగా లాగినప్పుడు ఆ గడ్డి మీద మొలలోతు నీళ్ళుండవు. ఈత రానివాడు లైఫ్ జాకెట్‌లో నిలువుగా తేలుతూ కాళ్ళు కొడతాడు. కాళ్ళకు తొడిగిన ఫిన్స్ కొసలు గడ్డిని వేళ్ళతో సహా పెకిలిస్తాయి, ఒండ్రు లేస్తుంది, ఏమీ కనబడదు. కనబడక ఇంకా దగ్గరికి పోతారు. పది మందిని ఒకే ట్యూబుకు తగిలించి లాగే గైడు తాబేలు నెత్తిన చేరుస్తాడు. పైకి దారి లేక అది మేత వదిలేసి పోతుంది. కెమెరా కోసం డిప్ప పట్టుకుని ఆపే ఘనులూ ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో పులి పక్కనే ఉంది ఈ తాబేలు. పులిని తోక పట్టుకుని ఆపితే ఊరుకుంటారా?

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. నీరు సగం పోటుకు ఎక్కాకే దింపాలి. గైడుకు నలుగురే. ముందు ఇసుక మీద, గడ్డి లేనిచోట, బోర్లా తేలడం నేర్పాలి. అది రానివాడికి గాజు అడుగు పడవ ఉండనే ఉంది. తాబేలుకు ఎదురుగానో పైనుంచో కాకుండా పక్కనుంచి వెళ్ళి మూడు మీటర్ల అవతలే ఆగాలి. అది మేత ఆపి తలెత్తినా, ముందు రెక్కలు గబగబా కొట్టినా వెనక్కి రావాలి, వెంటపడకూడదు. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు నిండు చేతుల చొక్కా చాలు. లంగరు ఇసుకలోనే. ఇవన్నీ పాటించే గైడు రోజుకు ఒక జట్టునే తిప్పగలడు. పక్కవాడు నాలుగు జట్లు తిప్పి సగం ధరకే చూపిస్తున్నాడు. ఇద్దరి చేతిలోనూ మీరిచ్చిన పర్మిట్టే.

అయ్యా, బోయాలు వేయించండి. గడ్డి మీద పడవల వేగం గంటకు నాలుగు కిలోమీటర్లకు కట్టేయండి. పోటు పట్టికను పర్మిట్‌కు జత చేయండి. మొదట బోయాలు. నిధులు లేవంటే చెప్పండి, ఖాళీ డబ్బాలకు తాడు, రాయి కట్టి మేమే వేస్తాం. కాకపోతే దానికి కాగితం మీద మీ సంతకం కావాలి. లేకపోతే అనుమతి లేకుండా సముద్రంలో డబ్బాలు వేశామని ముందు మా మీదే కేసు పెడతారు.

ఇట్లు,
షహీద్ ద్వీప్‌లోని తెలుగు పడవవాళ్ళు, గైడ్లు