ఉండే ఇంటికి లేదు, అద్దెకిచ్చిన ఇంటికి ఉందా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటి లోన్ మీద పన్ను మినహాయింపు ఉంచాలా, ఎత్తేయాలా అనే వాదన బడ్జెట్ ముందు ఏటా వినిపిస్తూనే ఉంది. 2016లో మియాపూర్‌లో ఫ్లాట్ కొని ఇంకా ఈఎంఐలు కడుతున్నవాణ్ణి. అయినా ఎత్తేయొచ్చనే అంటాను. ఎత్తేస్తున్న పద్ధతే నాకు నచ్చలేదు.

ఫ్లాట్ చూడ్డానికి వెళ్లిన రోజు సేల్స్ కుర్రాడు కాలిక్యులేటర్ తీసి, "ట్యాక్స్‌లో మిగిలేదాంతో రెండు నెలల ఈఎంఐ వచ్చేస్తుంది సార్" అన్నాడు. ఆ మిగిలేదాన్ని కూడా చూసుకునే బిల్డర్ ధర చెప్పాడేమో అన్న అనుమానం నాకు రిజిస్ట్రేషన్ అయ్యాక గానీ రాలేదు. 2020కి ముందు నుంచీ ఉన్న పాత ఆదాయపు పన్ను విధానంలో 2 లక్షల వడ్డీ మినహాయింపుతో 30 శాతం పన్ను స్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 62,400 రూపాయలు మిగులుతాయి. 20 శాతం స్లాబు వారికి 41,600. పన్ను కట్టేంత ఆదాయం లేని మా వాచ్‌మన్‌కి సున్నా. ఎక్కువ జీతం ఉన్నవాడికే ఎక్కువ సాయమన్నమాట.

2020 బడ్జెట్‌లో వచ్చిన కొత్త విధానం 2023-24 నుంచి డిఫాల్ట్ అయింది, అంటే మనం పాతది కావాలని ఎంచుకోకపోతే అదే వర్తిస్తుంది. అందులో మనం ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. అద్దెకిచ్చిన ఇంటికి మాత్రం, వచ్చే అద్దె మేరకు ఉంది. ఉన్న ఒక్క ఇంట్లో కాపురం చేసేవాడికి లేనిది, కోకాపేటలో రెండో ఫ్లాట్ కొని అద్దెకిచ్చినవాడికి దొరుకుతోంది. అద్దె అంటే ఆదాయం, కాబట్టి అందులోంచి వడ్డీని ఖర్చుగా తీసేయాలని మా ఆడిటర్ వివరించారు. లెక్క ప్రకారం సరే. మా ఆవిడని మాత్రం ఒప్పించలేకపోయాను.

కావాలంటే పాత విధానంలో ఉండొచ్చుగా అంటారు. అందులోని 2 లక్షల పరిమితి 2014 నుంచి కదల్లేదు. 50 లక్షల లోన్‌కి ఎనిమిదిన్నర శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షలు దాటుతుంది. రద్దు చేస్తున్నామని ఎవరూ అనరు, నీళ్లు పోయడం మానేశారంతే.

2024 జులై బడ్జెట్‌లో ఇళ్లు, స్థలాల అమ్మకంపై ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లాభం లెక్కించడం) తీసేసినప్పుడు గొడవైంది. దాంతో 2024 జులై 23కి ముందు కొన్నవారు పాత లెక్కనూ ఎంచుకునే వీలు కల్పించారు. ఇక్కడా అలాగే పార్లమెంటులో ఒక తేదీ ప్రకటించండి. ఆలోపు లోన్ తీసుకున్నవారికి, ఏ విధానంలో ఉన్నా, అది తీరేదాకా మినహాయింపు ఇవ్వండి. తర్వాత తీసుకునేవారికి వద్దు. మిగిలే డబ్బును మొదటిసారి చిన్న ఇల్లు కొనుక్కునేవారికి నేరుగా ఇవ్వండి, వాళ్ల స్లాబు ఏదైనా సరే.

– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్