లైను గీసే ముందు గెట్లు నడువు

హనుమకొండ,
ఆదివారం పొద్దున

శీనూ,

నీ ఉత్తరం అందింది. కన్‌స్ట్రక్షన్‌కు బదిలీ చేసిన్రని, పోంగనే 38 కిలోమీటర్ల 132 కేవీ డబుల్ సర్క్యూట్ కరెంటు లైను నెత్తిన పెట్టిన్రని రాసినవు. "ఏడికెళ్లి షురూ చెయ్యాలె రా?" అని అడిగినవు గదా, చెప్త. జర పొడుగే అయితది, చాయ్ పెట్టుకోని కూసో.

ముందుగాల ఒక్క సంగతి మనసుల పెట్టుకో. నూట పాతిక టవర్లల నూట ఇరవై నాలుగు నిలబెట్టి ఒక్కటి ఆగిందనుకో, నీ లైను విలువ సున్నా. రోడ్డు సగం ఏసినా సగం దూరం బండి పోతది. కరెంటు అట్ల పోదు. ఆ ఒక్క టవరు ఏడ ఆగుతదో ముందే పసిగట్టుడే నీ అసలు పని. మిగిలిందంత ఎట్లనో అట్ల అయితది.

లైను ఎందుకు కావాల్నో నువ్వే ఓసారి లెక్కగట్టు, ఫైల్ల ఉన్నదని ఊకోకు. ఆ మండలాలల్ల 8,000 బాయి మోటార్లు, ఒక్కోటి 5 హెచ్‌పీ అనుకో. 3.73 కిలోవాట్ల చొప్పున దగ్గరదగ్గర 30 మెగావాట్లు. మోటార్ల లోపలి నష్టాలు పక్కకు పెట్టి పవర్ ఫ్యాక్టర్ 0.8 పట్టుకున్నా 37 ఎంవీఏ (ట్రాన్స్‌ఫార్మరు మొయ్యాల్సిన మొత్తం లోడు). ఇది 33 కేవీ మీద తెస్తే 650 ఆంపియర్లు, 132 మీద తెస్తే 162. కరెంటు నాలుగో వంతుకు దిగితే అదే తీగల వేడిగ పోయే నష్టం పదహారో వంతు అయితది. నలభై కిలోమీటర్ల ఫీడరు కొసకున్న రైతు మోటరు ఎందుకు కాలుతదో కూడ ఇందుల్నే ఉన్నది. వోల్టేజీ పడితే మోటరు అదే నీళ్లు ఎత్తనీకి ఎక్కువ కరెంటు గుంజుతది, వైండింగు మాడుతది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చినంక పాత అంచనాలు పనికిరావు. ఎన్కట వంతులేసి ఇస్తుంటే లోడు దానంతటదే పంచుకునేది. ఇప్పుడు ఆటో స్టార్టర్లున్న ఊర్ల ఫీడరు ట్రిప్పయి మళ్లొస్తే మోటార్లన్ని ఒక్కసారే లేస్తయి. అందుకని ఏడాది సగటు తీసుకోకు. యాసంగి వరి మీదున్నప్పుడు, ఫిబ్రవరి మార్చిల సబ్‌స్టేషన్ లాగ్ బుక్కులు చూడు.

ఇంకోటి. 37 ఎంవీఏకు రెండు 31.5 ట్రాన్స్‌ఫార్మర్లు మస్తు అని రాసేటోళ్లు ఉంటరు, మొత్తం 63 అయితది గదా అని. ఒకటి కాలిన నాడు మిగిలింది 31.5, అది 37 మొయ్యదు. 50 ఎంవీఏవి రెండు అడుగు. డబుల్ సర్క్యూట్ ఉన్నది కాబట్టి లైనుకు భయం లేదని కూడ అనుకోకు. రెండు సర్క్యూట్లు ఉన్నది ఒక్క టవరు మీదనే, అది పడితే రెండూ పోతయి. దగ్గర్ల ఇంకో దిక్కు నుంచి పోయే 132 లైను ఉంటే దాన్ని మీ సబ్‌స్టేషన్లకు లూప్-ఇన్ లూప్-అవుట్ చేసే (లోపలికి తెచ్చి మళ్ల బయటికి తీస్కపోయే) వీలు ఉంచు. ఇప్పుడు పైసల్లేకున్నా రెండు బేలకు (లైను వచ్చి కలిసే చోట్లకు) జాగ మటుకు ఒదిలిపెట్టు.

ఇగ రూటు. 1:50,000 టోపోషీటు మీద మూడు దారులు గియ్యమంటరు. మస్తు మంది ఒకటి మంచిగ గీసి, మిగిలిన రెండు ఉత్తగ పక్కపొంటి గీస్తరు. నువ్వట్ల చెయ్యకు, మూడో దారి ఏదో ఒక నాడు పనికొస్తది. గీసేటప్పుడు లైను కన్న ముందు యాంగిల్ పాయింట్లు పెట్టు. ఏడ మలుగుతదో ఖాయమైతే నడుమ ఉన్నది తాడు గుంజినట్టు అదే వస్తది. మలుపు రెండు డిగ్రీల లోపుంటే డీఏ టవరు (తీగ వేలాడే సస్పెన్షన్ టవరు) సాలు, 15 వరకు డీబీ, 30 వరకు డీసీ, 60 వరకు, లైను కొసకు డీడీ, ఈ మూడు తీగను బిగించి పట్టే టెన్షన్ టవర్లు. మలుపు పెరిగిన కొద్ది ఇనుము, కాంక్రీటు రెండూ పెరుగుతయి. గందుకే ఆఫీసుల కూసున్నోళ్లకు నిట్టనిలువు గీతంటే పాణం. కాని ఆ గీత ఒక మామిడి తోట నడిమిట్లకెళ్లి పోతే, నువ్వు మిగిలిచ్చిన రెండు డీసీ టవర్ల పైసలు రెండేండ్ల కోర్టు కేసుల కలుస్తయి. నా మాటిని వంకర పెట్టు.

మన దిక్కు చూస్కోవాల్సినవి వేరే ఉంటయి. భూపాలపల్లి, రామగుండం దిక్కైతే మొదలు సింగరేణోళ్లను అడుగు. ఇయ్యాల పత్తి చేనున్న కాడ రేపు ఓపెన్‌కాస్ట్ రావచ్చు, అప్పుడు లైను విప్పి మళ్లెయ్యాలె. కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీలున్నయి, పేలుళ్లకు రాళ్లు ఎగిరొచ్చి ఇన్సులేటర్లు పలుగుతయి. మామునూరు చుట్టుపక్కల టవరు ఎత్తుకు విమానాశ్రయాల సంస్థ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాయితం) తెచ్చుకున్నంకనే పిట్ మార్కింగుకు (పునాది గుంతలు గుర్తు పెట్టనీకి) పో. రామగుండం, చెల్పూరు నుంచి వచ్చే 220, 400 కేవీ లైన్లు ఎటు చూసినా అడ్డమొస్తయి. పెద్ద వోల్టేజీ ఎప్పుడూ పైననే, నీ 132 కిందికెళ్లి దూరాలె. 220 కింద కనీసం 4.58 మీటర్లు, 400 కింద 5.49 మీటర్ల ఎడం ఉండాలె. పై లైను తీగ నడుమ దిగి ఉంటది, టవరు కాడ ఎత్తుగ ఉంటది, కాబట్టి వాళ్ల టవరు దగ్గర్నే దాటు. తీగ గుంజే నాడు వాళ్ల ఎల్సీ (లైను బంద్ చేసి ఇచ్చే అనుమతి) కావాలె, అది యాసంగిల ఎవ్వడు ఇయ్యడు. కాజీపేట-బల్హార్షా రైలు పట్టాలు దాటాల్సొస్తే తొంభై డిగ్రీలకు దగ్గర్ల దాటు, అరవై కన్న తక్కువ కోణం పెడితే ఫైలు వాపస్ వస్తది. ఆ స్పాన్ల, అంటే ఆ రెండు టవర్ల నడుమ, తీగకు మిడ్-స్పాన్ జాయింటు (అతుకు) పెట్టద్దు. ఈ దరఖాస్తులు రూటు ఖాయమైన వారంలనే పంపు, లైను కన్న అవే ఎక్కువ రోజులు తింటయి.

అడివి సంగతి. ములుగు దిక్కు రైతులతోని లొల్లెందుకని అడివిలకెళ్లి గీస్తే బాగుంటదనిపిస్తది. బాగుండదు. 132 కేవీకి కారిడారు వెడల్పు 27 మీటర్లు. అడివిల ఒక్క కిలోమీటరు పోయినా పరివేష్ (అడివి అనుమతుల) పోర్టల్ల దరఖాస్తు, మొదటి దశ, రెండో దశ అనుమతులు, బదులు మొక్కల పెంపకం అన్ని ఉంటయి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు తగిలితే వన్యప్రాణి బోర్డు దాక పోవాలె. తంటా అనుమతితోనే ఒడవదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడివిల గాలికి వేల చెట్లు కూలినయి, యాదికున్నదా? నువ్వు కొట్టేది 27 మీటర్ల లోపటి చెట్లే. బయట ఉన్న ముప్పై మీటర్ల మాను కూలితే తీగ మీదికే వస్తది. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగినా సరే, చెలకలపొంటి పో.

చెలకల కూడ తాటిచెట్లు చూస్కో. 132కు తీగకు చెట్టుకు నడుమ 4 మీటర్ల ఎడం కావాలె. ఇయ్యాల చిన్నగున్న తాడు పదేండ్లకు అందుకుంటది. గీసే తాడైతే భూమి పట్టాదారుది, కల్లు గీసేది గౌడన్న, ఇద్దరితోని మాట్లాడాలె. జామాయిల్ తోటలు ఇంకా మోసం, నాలుగైదేండ్లకే లేస్తయి. చెట్టు ఇప్పుడెంత ఉన్నదని కాదు, పెరిగినంక ఎంతయితదని రాసుకో.

నక్ష మీద గీసినంక ఆ 38 కిలోమీటర్లు నడువు. డ్రోన్ సర్వే వచ్చింది, డీజీపీఎస్ వచ్చింది, ఒప్పుకుంట. కాని వెంచరు కోసం కడీలు పాతిన జాగ, ఎండినా వానకాలం ఉరికే ఒర్రె, పాత స్మశానం, బొడ్రాయి, గెట్టు తగాదాలున్న ఇద్దరన్నదమ్ముల చేను డ్రోనుకు కనపడయి. ఊరి పాత సుంకరిని ఎంట తీస్కపో, గంటల చెప్తడు. వాగు కాడ ఎప్పుడన్నా నీళ్లు ఏడిదాక వచ్చినయని ముసలోళ్లను అడుగు. 2023 జులై 27న మోరంచపల్లి ఎట్ల మునిగిందో చూసినంక కూడ వాగొడ్డుకు టవరు పెడితే అది మన తప్పే. వాగు అవతల, ఇవతల ఎత్తు మీద పెట్టి, +6 లేకుంటే +9 మీటర్ల ఎక్స్‌టెన్షన్ (టవరు ఎత్తు పెంచే ముక్క) ఎక్కిచ్చి పెద్ద స్పానుతోని దాటు. రోడ్డు ఇంకో ఉచ్చు. రోడ్డు పక్కపొంటి పోతే సామాను మోసుడు అల్కగ ఉంటది, కాని ప్లాట్ల ధరలు గజాల్ల ఉంటయి. తారు రోడ్డుకు ఒక మూడు నాలుగు వందల మీటర్లు లోపలికి, బండ్ల బాట అందేటట్టు ఉంటే నీకు సుకం.

ప్రొఫైల్ షీటు అడ్డంగ 1:2000, నిలువు 1:200 స్కేలు మీద గీస్తరు. దాని మీద సాగ్ టెంప్లేటు (వేడికి, చలికి తీగ వంపు చూపే కర్వుల అచ్చు) పెట్టి టవర్లు సర్దాలె. సాగ్ (తీగ నడుమ ఎంత దిగుతదో) లెక్క నీకు ఎరుకే: తీగ బరువును స్పాను వర్గంతోని గుణించి, బిగువుకు ఎనిమిదింతలతోని భాగించు. పాంథర్ తీగ మీటరుకు 0.974 కిలోలు, స్పాను 320 మీటర్లు, బిగువు 2,000 కిలోలంటే దగ్గర దగ్గర 6.2 మీటర్లు. ఎండకు, లోడుకు తీగ 75 డిగ్రీలకు వస్తే ఇంకా దిగుతది. అప్పుడు కూడ భూమికి 6.1 మీటర్లు ఉండాలె. అది కనీసం, పత్తి బోరాల ట్రాక్టర్లు, వరికోత మిషన్లు తిరిగే చేన్లళ్ల నేనైతే ఇంకో మీటరు ఎక్కువ పెడత. కొత్తోళ్లు వేడి కర్వు ఒక్కటే చూసి ఊకుంటరు. రెండు గుట్టల నడుమ లోయల ఉన్న టవరును చలి కర్వుతోని చూడు. చలికి తీగ బిగుసుకోని ఆ టవరును పైకి గుంజుతది, సస్పెన్షన్ స్ట్రింగు (తీగ వేలాడే ఇన్సులేటర్ల దండ) లేస్తది. ఆడ డీఏ పనికిరాదు, ఎత్తు పెంచు లేకుంటే టెన్షన్ టవరు పెట్టు. మలుపు లేకున్నా పదిహేను స్పాన్లకో, 5 కిలోమీటర్లకో, ఏది ముందొస్తే ఆడ ఒక డీబీ సెక్షన్ టవరు పడాలె.

పునాదుల కాడ పైసలు ఎట్ల పోతయో చెప్త. ట్రయల్ పిట్టు (నేల ఎట్లుందో చూసే గుంత) మార్చిల తవ్వుతరు, పొడి నేల అని రాస్తరు. ఆగస్టుల గుంత తవ్వితే నీళ్లు ఊరుతయి. కింద నీళ్లు 1.5 మీటర్లు, అంతకన్న లోతుల ఉంటే వెట్, 0.75 నుంచి 1.5 నడుమ ఉంటే పార్షియల్లీ సబ్‌మర్జ్‌డ్, ఇంకా మీదుంటే పూర్తి సబ్‌మర్జ్‌డ్. చెరువు కింది వరిమడిని, గుంతల నీళ్లు కనపడకున్నా, వెట్ కిందనే రాయి. నల్లరేగడికి వేరే డిజైను ఉంటది, అది తడిస్తే ఉబ్బుతది, ఎండితే పలుగుతది. తవ్విన రేగడినే మళ్ల పూడ్చద్దు, మొరం తెప్పియ్యి. స్టబ్ (పునాదిల దిగే టవరు కాలు ముక్క) సెట్టింగు నాడు మటుకు నువ్వే నిలబడు. నాలుగు స్టబ్బుల మూలమూల కొలతలు రెండూ ఒక్కతీరు రావాలె, లేకుంటే మీదికి పోంగ బోల్టు బొక్కలు కలువయి, లోహపు కడ్డీలు కొట్టి బొక్కలు పెద్దగ చేస్తరు. అది చూస్తే పని ఆపు. కాంక్రీటుకు 14 రోజులు నీళ్లు. ఫుటింగ్ రెసిస్టెన్సు (టవరు నుంచి భూమిలకు కరెంటు పోయేకాడ అడ్డు) 10 ఓములు దాటద్దు, ఎర్త్‌వైరు తగిలియ్యక ముందే కొలువు. బండ మీదైతే కౌంటర్‌పాయిజ్ తీగ భూమిల పరిచి పెట్టు. లేకుంటే పిడుగు పడ్డప్పుడు భూమిలకు పోవాల్సింది ఇన్సులేటరు మీదికెళ్లి దునుకుతది.

పైసల ముచ్చట. రైతు అడిగే మొదటి మాట "నా భూమి గుంజుకుంటరా?" అని. మనం భూమి కొనం, పట్టా ఆయన పేరు మీదనే ఉంటది. విద్యుత్ చట్టం 2003ల 164 సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఉంటయి, అడ్డుపడితే కలెక్టరు ఉత్తర్వు, పరిహారం మీద తగాదైతే జిల్లా జడ్జి. ఇది నీ జేబుల ఉండాలె, నోటి మీద కాదు. 2024 జూన్ 14న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు జాగకు భూమి విలువల 200 శాతం, కారిడారుకు 30 శాతం. 2015 నాటి పాతదాన్ల ఇవి 85, 15 శాతం. రాష్ట్రం ఒప్పుకుంటేనే అమలు, కాబట్టి మనకాడ నడిచే జీవో తీసి దగ్గర పెట్టుకో. ఎకరం పది లక్షలనుకోని లెక్క చూడు. టవరు కాళ్ల నడుమ 5 మీటర్ల చదరం, చుట్టు మీటరు కలిపితే 49 చదరపు మీటర్లు, అంటే అర గుంట. 200 శాతం ఏసినా ఇరవై నాలుగు వేలు. అదే లైను చేన్ల వంద మీటర్లు పోతే 27 మీటర్ల వెడల్పుకు దగ్గర దగ్గర 27 గుంటలు, 30 శాతం కడితే రెండు లక్షలు. ఊర్ల కొట్లాట టవరు కోసం అయితది, పైసలు మటుకు తీగ కింద ఉంటయి. ఈ లెక్క కాయితం మీద ఏసి చూపియ్యి, సగం గొంతులు తగ్గుతయి. పంట నష్టం వేరే, అది ఎవరు ఏసిన్రో వాళ్లది. కౌలుదారుకు పోవాల్సిన పైసలు పట్టాదారు ఖాతాల పడితే రెండో నాడు ఇద్దరూ టవరు కాడ ఉంటరు.

కాలం ఇట్ల పంచుకో. పత్తి ఏరుడు అయిపోయిన చెలకలల్ల జనవరి నుంచి ఏప్రిల్ దాక పునాదులు. వరి పొలాలకు యాసంగి కోతైనంక ఏప్రిల్ ఆఖరు నుంచి తొలకరి దాక, నెలన్నర కన్న ఎక్కువ దొరకదు. కాబట్టి వరిల పడే టవర్ల స్టబ్బులు, సిమెంటు, మనుషులు ముందే తయారుండాలె. రెండు సర్క్యూట్లకు ఆరు తీగలు, 38 చొప్పున 228 కిలోమీటర్లు, సాగ్‌కు, తరుగుకు రెండు శాతం కలుపుకో, 233 అయితది. సస్పెన్షన్ టవరుకు ఆరు స్ట్రింగులు, తొమ్మిది డిస్కుల (ఇన్సులేటరు బిళ్లల) చొప్పున 54. టెన్షన్ టవరుకు పన్నెండు, పదేసి చొప్పున 120. తీగ గుంజినంక ఖాళీగ ఉంచకు, దొంగలు కోసుకపోతరు. కొసాఖరి స్పాన్లు ఆగితే అయినకాడికి తక్కువ వోల్టేజీతోని ఛార్జ్ చేసి పెట్టు, ఊర్లళ్ల ముందే డప్పు కొట్టియ్యి. కింది బ్రేసింగులకు యాంటీ-థెఫ్ట్ బోల్టులు మర్వకు.

వచ్చే ఆదివారం ఇటు వస్తవు గదా. ప్రొఫైల్ షీట్లు, టవర్ షెడ్యూలు, ఊర్లవారీగ పట్టాదారుల జాబితా తీస్కరా. 400 కేవీ కింద దాటే జాగ ఫొటోలు రెండు దిక్కుల నుంచి తియ్యి, వాళ్ల టవరు నంబరు కనపడాలె. వదినకు నమస్తే చెప్పు.

నీ దోస్తు,
రాజు