ఆరో తరగతికి పదో తరగతి లెక్కలు ఎవరు నిర్ణయించాలి?

సంపాదకులకు,

ఆరో తరగతి పిల్లవాడు పదో తరగతి వర్గ సమీకరణాలను నిమిషంలో సాధిస్తున్నాడంటూ ఈ మధ్య జిల్లా పేజీలో ఫొటోతో సహా వేసిన కథనం గురించి ఈ ఉత్తరం. వెంటనే రాయాలనుకున్నాను, కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. ఆ కథనం ఎదుటి పేజీలోనే ఆ పిల్లవాడు చదివే పాఠశాల ప్రవేశాల ప్రకటన ఉంది. ఏది వార్తో, ఏది ప్రకటనో పాఠకుడికి తెలిసేలా వేయడం పత్రిక కనీస బాధ్యత. ఆ బాబును నేనేమీ అనను, వాడు చల్లగా ఉండాలి. వాడిని ముందు నిలబెట్టి ఊళ్లోని తల్లిదండ్రులందరినీ కంగారు పెట్టడం మీదే నా అభ్యంతరం. కథనం వచ్చిన మర్నాటి నుంచి మా వీధిలో ఒకటే ప్రశ్న: ‘‘టీచర్ గారూ, మా అమ్మాయిని కూడా ఫౌండేషన్ సెక్షన్‌లో వేసేయమంటారా? ఇప్పటికే ఆలస్యమైందంటున్నారు.’’ ఫౌండేషన్ అంటే ఐఐటీ పేరు చెప్పి చిన్న తరగతుల నుంచే పై తరగతుల లెక్కలు చెప్పే ప్రత్యేక సెక్షన్. ఆ అమ్మాయికి పదకొండేళ్లు. దేనికి ఆలస్యమైంది?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. తరగతి కంటే ముందుకు వెళ్లాల్సిన పిల్లలు ఉంటారు, వాళ్లను ఆపడం అన్యాయం. కానీ ఎవరు వెళ్లాలో తేల్చవలసింది ఆ పిల్లల పక్కన కూర్చుని వాళ్లు లెక్క చేసే తీరు చూసిన ఉపాధ్యాయుడు. ఇప్పుడు తేలుస్తున్నది ఫీజు రసీదు. అదనంగా కట్టగలిగినవాళ్ల బిడ్డ ఒలింపియాడ్ బ్యాచ్, కట్టలేనివాళ్ల బిడ్డ మామూలు సెక్షన్. మధ్యలో పరీక్ష అనేదేమైనా ఉంటే అది కూడా ఇరవై నిమిషాల్లో టిక్కులు పెట్టే కాగితం.

మా ఎదురింటి అబ్బాయి ఏడో తరగతి. వాడి ఫౌండేషన్ నోటుబుక్కు చూశాను. పేజీ పేజీకీ ఎర్ర సిరాతో గళ్లు కట్టి ‘షార్ట్‌కట్’ అని రాయించారు. వర్గ సమీకరణం ఇస్తే సూత్రంలో అంకెలు వేసి చకచకా మూలాలు చెప్పాడు. సరే, మూడు ముప్పావు లీటర్ల పాలను ముప్పావు లీటరు సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలు నిండుతాయని అడిగాను. ‘‘ఇది ఏ సూత్రం టీచర్?’’ అంటూ పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. తెలివైన పిల్లవాడే. భిన్నాలు ఒంటబట్టడానికి ఇవ్వవలసిన ఏడాదిని వాడి దగ్గర లాగేసుకున్నారు. ఇక భిన్నం ఎక్కడ ఎదురైనా, బీజగణితంలోనైనా త్రికోణమితిలోనైనా, వాడు తడబడతాడు. పదో తరగతిలో ‘మావాడికి లెక్కలు రావు’ అని తల్లిదండ్రులే తీర్పు చెప్పేస్తారు.

ఒలింపియాడ్ పేరు ఎంత దుర్వినియోగమవుతోందో కూడా చెప్పాలి. అసలు గణిత ఒలింపియాడ్‌ను మన దేశంలో నిర్వహించేది ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం. మొదటి మెట్టు పరీక్షను ఎనిమిదో తరగతి నుంచే రాయవచ్చు. అందులో కలన గణితం ఉండదు. సంఖ్యల ధర్మాలు, జ్యామితి, బీజగణితం, ఎన్ని విధాలుగా అమర్చవచ్చో లెక్కించడం, ఇవే ఉంటాయి. అంటే హైస్కూలు లెక్కలనే లోతుగా తవ్వాలి. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మన జట్టు నాలుగు బంగారు పతకాలతో ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పరీక్షకు కావలసిన ఓపికైన ఆలోచనకూ, ఈ గళ్లు కట్టిన షార్ట్‌కట్లకూ ఏ సంబంధమూ లేదు.

నిజంగా ముందుకు వెళ్లాల్సిన పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏడో తరగతిలో ఒకసారి బేసి సంఖ్యలను వరుసగా కూడితే వర్గాలు వస్తాయని చుక్కలు పెట్టి చూపించాను. కుట్టుపని చేసుకునే ఒకామె కూతురు మర్నాడు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఘనాలను కూడుకుంటూ పోయింది: 1, 9, 36, 100. ‘‘ఇవీ వర్గాలే టీచర్. ముందు 1, 2, 3, 4 కూడేసి తర్వాత వర్గం చేసినా ఇదే వస్తోంది. ఎందుకని?’’ ఎవరూ చెప్పని లెక్క తనే వేసుకుని, జవాబు వచ్చాక కూడా ఎందుకని అడిగింది. అలాంటి పిల్ల లెక్కల పీరియడు ఒక్కటీ ఎనిమిదో తరగతిలో కూర్చుంటే చాలు. రెండు తరగతులకూ లెక్కలు ఒకే సమయానికి పడేలా టైంటేబుల్ మారిస్తే అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. పైవాళ్లను అడిగాను. అధికారులు తనిఖీకి వస్తే ఎవరు సమాధానం చెప్పుకుంటారన్నారు. ఆ పిల్ల ఏడాదంతా తనకు వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేసింది.

తనిఖీ అంటే గుర్తొచ్చింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది: పదహారేళ్లు నిండనివారిని కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోరాదు, పదో తరగతి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలి అని. మంచిదే. కానీ పాఠశాలే కోచింగ్ కేంద్రంగా మారి ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరు బోర్డు మీద రాసుకుంటే అడిగేవారేరీ? ఆ బోర్డుల కిందనుంచే అధికారుల వాహనాలు రోజూ వెళుతున్నాయి. ప్రభుత్వ బడుల్లోనేమో ఆ మధ్య వరకు ఉపాధ్యాయుల చేత మరుగుదొడ్ల ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించారు. ఆ సమయంలో ఎన్ని నోటుబుక్కులు దిద్దేవాళ్లమో! ప్రతిభ గల పిల్లలకు ఉపకార వేతనాలిచ్చేందుకు 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షను 2021 తర్వాత ఆపేశారు, దాని బదులు ఏమిస్తారో చెప్పలేదు. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2023లో చూస్తే, గ్రామీణ ప్రాంతాల్లోని 14–18 ఏళ్ల పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సుమారు 43 శాతమే. ఒకవైపు భాగహారం రాని పిల్లలు, ఇంకోవైపు దాన్ని దాటించి తోసేస్తున్న పిల్లలు. ఇద్దరి గురించీ పట్టించుకునే శాఖ ఒకటి ఉండాలి కదా!

తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డను ముందుకు పంపాలా వద్దా అన్న సందేహం ఉంటే వేగం చూడకండి. చేసిన లెక్కనే ఇంకో దారిలో చేయమనండి. పద్ధతి చెప్పని లెక్క ఇచ్చి అరగంట వదిలేయండి, దాంతో కుస్తీ పడుతుందో లేదో గమనించండి. భిన్నాలు, ఋణసంఖ్యలు తడుముకోకుండా వస్తున్నాయేమో చూడండి. తరగతిలో విసుగు పుడుతోందా, భయం పుడుతోందా అని బిడ్డనే అడగండి. విసుగైతే ముందుకు పంపండి. భయమైతే ఆ సెక్షన్ నుంచి వెంటనే తీసేయండి, కట్టిన ఫీజు పోయినా సరే.

జిల్లా విద్యాశాఖాధికారి గారు ఈ వేసవి ప్రవేశాలు ముగిసేలోపు రెండు పనులు చేయాలి. ఫౌండేషన్ ఫీజు తప్పనిసరి అంటున్న పాఠశాలలకు నోటీసులివ్వాలి. అర్హులైన పిల్లలు లెక్కలకు మాత్రం పై తరగతిలో కూర్చోవచ్చని ప్రధానోపాధ్యాయులకు ఒక ఉత్తర్వు పంపాలి. మీ పత్రిక కూడా ఇటువంటి వేగపు విన్యాసాల ఫొటోలు మానేసి, విద్యా పేజీలో వారానికొక మంచి లెక్క వేయండి. జవాబు మాత్రం పై వారం ఇవ్వండి.

విశ్రాంత గణితోపాధ్యాయిని,
తెనాలి