స్కీట్ నిదానంగా పండే ఆట, మంత్రి గారూ

కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేసుకునే మనిషిని. మా అమ్మాయి మూడేళ్లుగా స్కీట్ షూటింగ్ నేర్చుకుంటోంది. గాల్లో దూసుకొచ్చే బిళ్లలను షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట అది. మా ఒక్క ఇంటి కోసమే అయితే ఇలా అందరి ముందూ రాసేవాణ్ణి కాదు. స్కీట్ షూటర్ మేరాజ్ అహ్మద్ ఖాన్ గారి ప్రయాణాన్ని ఒకసారి మీకు గుర్తుచేసి, ఆయన దారిని చూసైనా మీ శాఖ ఒక పద్ధతి మార్చుకోవాలని అడుగుతున్నాను.

మేరాజ్ గారిది ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా, పింగాణీ సామాన్లకు పేరున్న ఊరు. ఢిల్లీలోని జామియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆయనది క్రికెట్. తుపాకీ పట్టింది 1998 ప్రాంతంలో. ఒలింపిక్స్ బెర్తు దొరికింది 2015లో. స్కీట్‌లో ఒలింపిక్స్ బెర్తును అర్హత పోటీల్లో గెలుచుకున్న మొదటి భారతీయుడు ఆయనే. మధ్యలో గడిచింది పదిహేడేళ్లు! ఆ పదిహేడేళ్లలో ఎన్ని వేల తూటాలు ఖర్చయి ఉంటాయో, రేంజ్‌లో నిలబడి చూసినవాళ్లకి తెలుస్తుంది. రియోలో 125కి 121 కొట్టి కూడా, సమాన స్కోరు వచ్చినవాళ్ల మధ్య పెట్టే షూట్ ఆఫ్‌లో వెనకబడి తొమ్మిదో స్థానంలో ఆగిపోయారు. టోక్యో కలిసిరాలేదు. చాలామంది ఇక అయిపోయిందనుకునే వయసులో, 46 ఏళ్లకి, 2022లో కొరియాలోని చాంగ్‌వన్ ప్రపంచకప్‌లో ఫైనల్లో 40కి 37 కొట్టి స్వర్ణం తెచ్చారు. పురుషుల స్కీట్‌లో మన దేశానికి అది మొదటి ప్రపంచకప్ స్వర్ణం. ఆ రోజు ఫోన్‌లో స్కోరు చూస్తూ మా అమ్మాయి ఏడ్చేసింది. నాకూ గొంతు పూడుకుపోయింది.

ఈ ఆట అంత నిదానం ఎందుకో చెప్తాను. షూటర్ నిలబడి కాల్చే చోట్లను స్టేషన్లంటారు. అర్ధచంద్రాకారంలో ఏడు స్టేషన్లు, నడిమధ్యన ఎనిమిదోది. బిళ్లలు విసిరే గదులు రెండు: ఎడమ చివర ఎత్తు నుంచి విసిరే హై హౌస్, కుడి చివర కింది నుంచి విసిరే లో హౌస్. అక్కడి నుంచి అరచేతి వెడల్పు ఉండే ఆ బిళ్లలు, అంటే క్లేలు, దూసుకొస్తాయి. తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చివర, నడుము దగ్గరే ఉండాలి. ఎక్కడ ఉండాలో చూపే పసుపు పట్టీ చొక్కా మీదే ఉంటుంది. షూటర్ పిలిచాక క్లే వెంటనే రావచ్చు, మూడు సెకన్లు ఆగి రావచ్చు. కనిపించేదాకా తుపాకీ ఎత్తకూడదు. ఆ మూడు సెకన్లు మా అమ్మాయి వెనకాల నిలబడి చూస్తుంటాను. రెప్ప వెయ్యదు. చెంప మీద తుపాకీ తన్నిన చోట కందిపోయి ఉంటుంది. నాలుగో స్టేషన్లో రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చినప్పుడు మొదటిది పగిలి రెండోది తప్పిపోతే, నావైపు తిరగదు. కాళ్ల కింద నారింజ రంగు పెంకులు కరకరలాడించుకుంటూ నడిచి, ఖాళీ తూటాలు ఏరి బకెట్‌లో వేస్తుంది.

ఒక రౌండుకి 25 తూటాలు. పొద్దున్నే నాలుగు రౌండ్లంటే వంద. కాల్చిన తూటా మళ్లీ పనికిరాదు. పోటీలకు వాడే తూటాలు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. పేరు తెచ్చుకున్న షూటర్లకు దిగుమతి సుంకంలో మినహాయింపు ఉంది, ఒలింపిక్స్ పతకం తేగలవాళ్లకు సాయం చేసే టాప్స్ లాంటి పథకాలూ ఉన్నాయి. సంతోషమే. కానీ పేరు రాకముందు పిల్లలు ఏం కాల్చాలి సార్? కిందటేడు ఒక సాయం కోసం దరఖాస్తు పెడితే, ‘జాతీయ పతకం తెచ్చాక రండి’ అన్నారు. పతకం కోసమే తూటాలు అడుగుతున్నాం కదా! ఆ సాయంత్రం బండి మీద ఇంటికొచ్చేదాకా మా అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు.

మీ శాఖ కుర్చీలో కొన్నేళ్ల క్రితం రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ గారు కూర్చున్నారు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డబుల్ ట్రాప్ రజతం ఆయన షాట్‌గన్‌తోనే వచ్చింది. ట్రాప్, డబుల్ ట్రాప్ కూడా క్లేలు పగలగొట్టే ఆటలే. మా హైదరాబాద్ నుంచి కైనన్ చెనై ట్రాప్‌లో రియో దాకా వెళ్లారు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చారు. అంటే మన దగ్గర చెయ్యి లేదనలేం, గురి లేదనలేం. పారిస్ ఒలింపిక్స్‌లో స్కీట్ మిక్స్‌డ్ టీమ్ కాంస్యం మ్యాచ్‌లో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా చైనా చేతిలో 44-43తో ఓడారు. ఒక్క క్లే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

అదే నరూకా అంతకుముందు 2023లో హాంగ్‌జౌలో 60కి 58 కొట్టి రజతం తెచ్చారు. 60కి 60 కొట్టి స్వర్ణం పట్టుకెళ్లింది కువైట్‌కి చెందిన అబ్దుల్లా అల్ రషీదీ. అప్పటికి ఆయన వయసు కూడా అరవయ్యే! ఇలాంటి ఆటలో ఇరవై రెండేళ్లకే ఫలితం ఎక్కడని అడిగితే ఎలా సార్?

అందుకే అడుగుతున్నాను. స్కీట్, ట్రాప్ నేర్చుకునే పిల్లలకు మొదటి ఐదేళ్లు పతకంతో నిమిత్తం లేకుండా తూటాలు, క్లేలు సబ్సిడీ మీద ఇవ్వండి. పతకాల బదులు ప్రాక్టీస్ స్కోరు చూడండి. మూడు నెలలకోసారి లెక్క చూపమంటే చూపిస్తాం, ఖాళీ తూటాలు తెచ్చి లెక్కపెట్టమన్నా పెడతాం. ఆలస్యంగా ఎదిగే వాళ్లను వయసు చూసి జాబితాలోంచి తీసేయకండి. తెలుగు రాష్ట్రాల్లో షాట్‌గన్ రేంజ్ కోసం పిల్లలు రెండు మూడు జిల్లాలు దాటి రావాల్సిన అవసరం లేకుండా చూడండి.

ఈ ఆదివారం కూడా రేంజ్‌కి వెళ్తున్నాం. ఈసారి రెండు రౌండ్లకే తూటాలున్నాయి.

ఇట్లు,
ఒక స్కీట్ షూటర్ తండ్రి,
హైదరాబాద్