శనివారం రెయిడ్‌కి ముందు గేర్ చూసుకోండి

అందరికీ నమస్తే. శనివారం రాత్రి 9 గంటలకి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో రెయిడ్, అంటే అందరం కలిసి పెద్ద బాస్‌ల మీద పడటం. బెజవాడ వాళ్లయినా గుంటూరు వాళ్లయినా గేర్ (మీ క్యారెక్టర్ కవచం, ఆయుధాలు) రిపేర్ చేయించుకునే రండి. మొదటి బాస్ దగ్గర పడిపోయాక "ఆగండి అన్నా, ఊళ్లోకెళ్లొస్తా" అంటే కుదరదు.

ఒక్కసారి చస్తే ఒంటి మీదున్న గేర్ డ్యూరబిలిటీ (ఇంకా మిగిలున్న మన్నిక) 10 శాతం పోతుంది. శవం దాకా పరిగెత్తడానికి బద్ధకించి శ్మశానంలో చచ్చినవాళ్లను లేపే స్పిరిట్ హీలర్ దగ్గర లేచారనుకోండి, 25 శాతం గోవిందా. అదీ బ్యాగులో ఉన్న వాటితో సహా! సున్నాకొస్తే ఆ కవచం తొడుక్కున్నా ఒకటే, లేకున్నా ఒకటే, స్టాట్స్ (అది ఇచ్చే బలం) రావు. స్క్రీన్ మీద కవచం బొమ్మ పసుపు రంగులో కనిపించగానే కదలండి, ఎర్రబడేదాకా ఆగొద్దు. ఉంగరాలు, ట్రింకెట్లకు (తాయెత్తుల్లాంటివి) ఈ గొడవ లేదు.

రిపేర్ చేసేవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే మినీమ్యాప్ ట్రాకింగ్‌లో రిపేర్ టిక్ పెట్టండి. గిల్డ్ (మన జట్టు) బ్యాంకు డబ్బు ట్యాంకులకీ (ముందు నిలబడి దెబ్బలు తినేవాళ్లు) హీలర్లకీ (వైద్యం చేసేవాళ్లు) రిపేర్ కోసం వదిలేయండి. ట్యాంకులకి బిల్లు వాచిపోతుంది, పాపం. టండ్రా మామత్ (ఎక్కి తిరిగే ఏనుగులాంటి జంతువు) ఉన్నవాళ్లు రెయిడ్ బయట దాన్ని దింపితే అందరికీ పుణ్యం, దాని మీద రిపేర్ వెండర్ ఉంటాడు.

ఫైట్ మొదలయ్యాక ఆయుధం తప్ప ఇంకేదీ మార్చలేరు. కాబట్టి ఎక్విప్‌మెంట్ మేనేజర్‌లో సెట్లు ముందే సేవ్ చేసుకోండి. బైండ్ ఆన్ ఎక్విప్ వస్తువు దొరికితే "ఎలా ఉంటుందో చూద్దాం" అని తొడగొద్దు. తొడిగితే ఇక మీదే, ఆక్షన్ హౌస్‌లో అమ్ముడుపోదు.

వచ్చేవాళ్లు రేపు సాయంత్రంలోపు ఇక్కడే చెప్పండి.