బడి కమిటీ ఎన్నిక సాయంత్రం పూట పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి తల్లిదండ్రుల తరఫున ఎన్నికైన ముగ్గురిలో నేనూ ఉన్నాను. పేరుకు ఎన్నికే గానీ ఆ రోజు బడికి వచ్చినవాళ్లు పట్టుమని పాతికమంది లేరు. ఆగస్టు అంటే మా వైపు పత్తిలో కలుపు తీసే రోజులు. పగటిపూట పెడితే కూలి వదులుకుని ఎవరొస్తారు?

మొదట్లో తీర్మానాల పుస్తకం మా ఇంటికే వచ్చేది. చదవకుండానే సంతకం పెట్టేదాన్ని. అది నేను చేసిన తప్పే. మా అమ్మాయి బడిలో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగడమే మానేసిందని తెలిశాక గానీ నాకు కళ్లు తెరుచుకోలేదు. నలుగురు తల్లులం కలిసి బడికి వెళ్లాం. మోటారు కాలిపోయి ఉంది, ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. బాగు చేయించమని మేడమ్ గారు అప్పటికే రెండుసార్లు అర్జీ పెట్టారట. కమిటీ సభ్యులమైన మాకు ఆ సంగతే తెలియదు.

అప్పటి నుంచి నెలనెలా బడిలోనే కూర్చుని, పుస్తకం పైకి చదివించుకుని సంతకం పెడుతున్నాం. మోటారు నడుస్తోంది. ఆయా రోజుకు రెండుసార్లు బాత్రూములు కడుగుతోంది. వారానికొకరం వంతులవారీగా వెళ్లి మధ్యాహ్న భోజనం పిల్లలతో కలిసి తింటున్నాం. పప్పులో నీళ్లు తగ్గాయి.

నాకు ఇంకా టెన్షన్‌గా ఉన్నది చదువు గురించి. మా అమ్మాయి తరగతిలో 19 మంది ఉంటే ఆరుగురు ఇప్పటికీ ఒత్తులున్న మాట దగ్గర ఆగిపోతారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీయే. ఎంతమంది టీచర్లు కావాలి, ఏ వసతులు కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నీ మూడేళ్లకు సరిపడా అందులో రాయాలి. మా బడిలో అలాంటి కాగితం మేమెవరం చూడలేదు. ఈసారి మేమే కూర్చుని రాస్తాం. వెనకబడ్డ పిల్లలకు రోజూ ఒక గంట చదివించడం అందులో మొదటి పని.

అధికారులకు నా విన్నపాలు రెండు. మా రెండేళ్ల గడువు ఈ ఆగస్టుతో తీరిపోతుంది. కొత్త ఎన్నిక ఆదివారమో, పనుల నుంచి తిరిగొచ్చాక సాయంత్రమో పెట్టండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్పినప్పుడు, వాళ్లు రాగలిగిన వేళ చూడాలి కదా. రెండోది లెక్కలు. 2025లో బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన తల్లికి వందనం రూ.15 వేలలో 13 వేలు మా ఖాతాల్లో పడ్డాయి, 2 వేలు బడుల నిర్వహణకని పక్కన పెట్టారు. అందులో మా బడికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది భోజనం మెనూ పక్కనే గోడ మీద రాయించండి. ప్రతి బడిలోనూ రాయించండి.

నేను మళ్లీ నిలబడుతున్నాను. ఆ ఆరుగురూ ఇప్పుడు ఐదో తరగతి. వచ్చే జూన్‌లో హైస్కూలుకు వెళ్లిపోతారు.

- ఒక తల్లి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు, పల్నాడు జిల్లా