“సొంత వేరు” అని చెప్పి అంటుమొక్కలు అమ్మడంపై ఫిర్యాదు

ఫ్రిస్కో, టెక్సస్
2024 మే 20

నర్సరీ మేనేజర్ గారికి,

విషయం: రెండు సట్సుమా నారింజ మొక్కల ధర 180 డాలర్లు తిరిగి చెల్లించడం, కరపత్రాన్ని సరిదిద్దడం గురించి.

నమస్కారం.

2023 మార్చి 18న మీ నర్సరీలో ఒక్కొక్కటి 90 డాలర్ల చొప్పున రెండు సట్సుమా నారింజ మొక్కలు కొన్నాను. మన వాళ్ల కిరాణా కొట్టులో మీరు పెట్టిన తెలుగు కరపత్రం చూసి వచ్చినవాణ్ణి కనుక ఈ ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. “ఇది అంటుమొక్క కాదు, సొంత వేరు మీద పెంచినది, చలికి పైభాగం పోయినా మొదట్లోంచి మళ్లీ చిగురించి అదే పండు కాస్తుంది” అని ఆ కరపత్రంలో ఉంది. దాని ప్రతిని, రసీదును, ఫొటోలను ఈ లేఖకు జతచేశాను.

ఆ ఒక్క వాక్యం కోసమే మామూలు అంటుమొక్క కంటే ఎక్కువ ధర పెట్టాను. 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయిన రోజు ఈ ప్రాంతంలో తోట ఉన్నవారెవరూ మరచిపోలేదు. మొక్క ఎంత చలిని తట్టుకుంటుందో చెప్పడానికి దాని చీటీ మీద మీరు వేసిన 8వ జోన్ అనే అంకెపై నాకు ఫిర్యాదు లేదు. జోన్ అంటే ముప్పై ఏళ్లలో ఏటా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు మాత్రమేనని, ఏదో ఒక చలికాలం అంతకంటే దిగువకు పోక తప్పదని నాకు తెలుసు. పోయినప్పుడు మొక్క తిరిగి లేస్తుందా, లేస్తే ఏ మొక్కగా లేస్తుంది అన్నదే నా ప్రశ్న. దానికి మీ కరపత్రం స్పష్టంగా జవాబు చెప్పింది. పైగా బయటి రాష్ట్రాల నుంచి నారింజ జాతి మొక్కలు టెక్సస్‌కు తెప్పించుకోవడానికి ఇక్కడి వ్యవసాయ శాఖ నిబంధనలు ఒప్పుకోవు కనుక, స్థానిక నర్సరీల మాటే మాకు ఆధారం.

మొక్కలను దక్షిణం వైపు ఇటుక గోడకు దగ్గరగా నాటాను. ఈ ఏడాది జనవరి మధ్యలో, అంతకుముందు వారం చొక్కా చేతులు మడిచి తిరిగిన ఊళ్లోనే, ఉత్తరపు గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. గాలి మొదలయ్యే ముందురోజు పాదులకు నీళ్లు పెట్టాను. వేడినిచ్చే పాతరకం క్రిస్మస్ బల్బుల తీగను కొమ్మల మధ్య చుట్టి, పైన రెండు పొరల ఫ్రాస్ట్ క్లాత్ (మొక్కలను చలి నుంచి కాపాడే గుడ్డ) నేలను తాకేలా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. మూడు రాత్రులు గడిచాయి. గోడకున్న థర్మామీటర్‌లో కనిష్ఠం 13 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 10.5 సెల్సియస్. గుడ్డ తీసేసరికి ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా వేలాడుతున్నాయి.

ఫిబ్రవరి మొదటి వారంలో మీకు ఫోన్ చేస్తే, తొందరపడి కొమ్మలు కొట్టవద్దని, వసంతం దాకా ఆగి చూడమని చెప్పారు. సలహా సరైనదే కనుక ఆగాను. ఏప్రిల్‌లో మొదట్లోంచి చిగుళ్లు వచ్చినప్పుడు సంతోషించాను కూడా. రెండు వారాల్లో ఆ సంతోషం పోయింది, ఎందుకంటే సట్సుమా ఆకు ఒంటి ఆకు, వీటికి ప్రతి తొడిమకూ మూడేసి ఆకులున్నాయి, ఆకు మొదట్లో ఒక్కో ముల్లు ఉంది. మీరు మొదలు చుట్టూ బిగించి ఇచ్చి, ఏడాదిపాటు తీయవద్దన్న తెల్లని ప్లాస్టిక్ తొడుగును అప్పుడు విప్పాను. నేలకు నాలుగు అంగుళాల ఎత్తున కాండం కొద్దిగా వంగి, పాత కోత మానిన మచ్చ ఉంది. గోటితో గీకి చూస్తే ఆ మచ్చకు పైన బెరడు కింద ఎండిన గోధుమరంగు, మచ్చకు దిగువన తడిగా పచ్చరంగు. రెండు మొక్కలూ ఇంతే.

మాది నల్లగొండ జిల్లా. రంగపూర్ నిమ్మ, జంబేరి అనే నిమ్మ రకాల మొదళ్ల మీద కన్ను (మొగ్గ) అంటుకట్టిన బత్తాయి తోటల మధ్య పెరిగినవాణ్ణి. అయినా అనుమానం తీరక వీడియో కాల్‌లో మా నాన్నకు చూపించాను. ఆయన అర నిమిషం చూసి, “అది అంటు కింది పిలక బిడ్డా, దానికి పండ్లు కాదు, ముండ్లు కాస్తయి” అన్నారు. మూడాకుల ఆ చిగురు ట్రైఫోలియేట్ నారింజది. చలికి గట్టిది కాబట్టే దాన్ని వేరుమూలంగా, అంటే పైన వేరే రకాన్ని అంటుకట్టే కింది మొక్కగా, వాడతారు. దాని కాయ నూగుతో, నిండా గింజలతో, నోట పెట్టలేనంత చేదుగా ఉంటుంది.

ఇక్కడే నా అసలు అభ్యంతరం. అంటుమొక్కలు అమ్మడం తప్పు కాదు. లోకంలో నారింజ తోటలు ఎక్కువగా వాటి మీదే నడుస్తున్నాయి. కానీ అంటుమొక్క అని ముందే చెప్పి ఉంటే, చలి వచ్చే ముందు అంటు మచ్చకు పైదాకా మట్టి ఎగదోసి, చలి పోయాక తీసేసేవాణ్ణి. కొమ్మలు పోయినా సట్సుమా కన్ను మట్టిలో బతికి ఉండేది. ఖర్చు రెండు బండ్ల మట్టి. అలా చేయకపోవడానికి కారణం, మొదలుకు మట్టి గాని ఎండుటాకులు గాని తగలనీయవద్దని మీ పెంపకం కాగితంలో ఉండటమే. మామూలు రోజుల్లో మొదలు కుళ్లకుండా అది మంచి సలహాయే, కానీ అంటుకట్టిన లేత నారింజకు గడ్డకట్టే మూడు రాత్రుల్లో అదే ప్రాణాంతకమైంది.

ఇంకొక సంగతి ఇప్పుడు అర్థమవుతోంది. గత జూలైలో ఈనెలు పచ్చగా ఉండి ఆకులు పసుపెక్కినప్పుడు, నేను ఎరువు ఎక్కువ వేశానని మీ సిబ్బంది తేల్చారు. మా పెరడు సున్నం ఎక్కువున్న నల్లరేగడి. అటువంటి నేలలో ట్రైఫోలియేట్ వేరు ఇనుమును సరిగా తీసుకోలేదు. వేరుమూలం పేరు చీటీ మీద ఉంటే ఆ మొక్కను మా నేలకు ఎంచుకునేవాణ్ణే కాదు.

ఏప్రిల్ 22న నేను పంపిన ఈమెయిల్‌కు “చెట్టు బతికే ఉంది కనుక హామీ వర్తించదు” అని జవాబిచ్చారు. ఫొటోలు పంపాక, ఏడాది గడువు మార్చి 18తోనే ముగిసిందన్నారు. వసంతం దాకా ఆగమన్నది మీరే కదా! ఇక బతికి ఉన్నది నేను కొన్న చెట్టు కాదు. మీ దగ్గరే కొన్న అంజీర మొక్క కూడా అదే చలికి నేలమట్టమైంది. కొమ్మ నాటి పెంచినది కనుక ఇప్పుడు మొదట్లోంచి అంజీరగానే లేచి నడుము దాకా వచ్చింది. దాని గురించి నేను ఒక్క డాలరు కూడా అడగడం లేదు.

కాబట్టి 180 డాలర్లు తిరిగి చెల్లించమని, “సొంత వేరు” అన్న మాటను ఆ కరపత్రం నుంచి తొలగించి ప్రతి చీటీ మీద వేరుమూలం పేరు రాయమని, నాలాగే ఆ మొక్కలు కొన్నవారికి వచ్చే చలికాలం లోపే మట్టి ఎగదోయమని తెలియజేయమని కోరుతున్నాను. మూడోది నాకు మొదటిదాని కంటే ముఖ్యం. టెక్సస్ వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దావాకు ముందు ఇవ్వవలసిన 60 రోజుల నోటీసుగా కూడా ఈ లేఖను పరిగణించగలరు.

మొక్కలను నేను ఇంకా పీకలేదు. ఏ శనివారమైనా మీ మనిషిని పంపి చూసుకోవచ్చు. వచ్చేవారిని చేతులకు తోలు తొడుగులు తెచ్చుకోమనండి, ముళ్లు అప్పుడే అంగుళం దాటాయి.

భవదీయుడు,
మీ వినియోగదారుడు